పిచ్చి డాక్టర్ దగ్గరికి వెళితే నా నొప్పి అబద్ధమైపోతుందా?

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీకు 29 ఏళ్లు. సొంతూరు తెనాలి దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. పద్నాలుగో ఏట నుంచీ నెలసరి వస్తే రెండు రోజులు మంచం దిగలేని నొప్పి. "ఆడపిల్లలందరికీ ఉండేదే" అన్నారు ఇంట్లో. తర్వాత "పెళ్లయితే తగ్గుతుంది" అన్నారు. పెళ్లయి మూడేళ్లయ్యాక "ఒక కాన్పయితే సర్దుకుంటుంది" అంటున్నారు అత్తగారు. మధ్యలో ఇద్దరు డాక్టర్లు స్కాన్ నార్మల్‌గా ఉంది, టెన్షన్ తగ్గించుకోమని పంపేశారు. ఎనిమిది నెలల కిందట ల్యాపరోస్కోపీలో, అంటే పొట్టలోకి సన్నటి కెమెరా పెట్టి చూసే ఆపరేషన్‌లో, ఎండోమెట్రియోసిస్ అని తేలింది, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు అది. ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి, ఉంటే తీశారు. అయిదు నెలలుగా డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటున్నారు. నొప్పి సగానికి సగం తగ్గింది. కానీ నాలుగు నెలలుగా కారణం లేకుండా ఏడుపు వస్తోంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, దేని మీదా మనసు పోవడం లేదు. సైకియాట్రిస్టుకి చూపించుకోమన్నారు మీ గైనకాలజిస్టు. మీ భయం మీ మాటల్లోనే: "పిచ్చి డాక్టర్ దగ్గరికి వెళితే, చూశావా, అంతా దాని మనసులోదే అంటారు. పదిహేనేళ్ల నా నొప్పి అబద్ధమైపోతుంది."

అవదు. మీ జబ్బుని సర్జన్ కెమెరాతో కళ్లారా చూసి, కోసి తీశారు. దాన్ని ఇక ఎవరూ కొట్టిపారేయలేరు. నేను సైకియాట్రిస్టుని, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. కొన్నేళ్లుగా వారానికొక రోజు గైనకాలజీ వాళ్లతో కలిసి పొత్తికడుపు నొప్పి ఉన్నవాళ్లని చూస్తున్నాను. మీలాంటివాళ్లు వచ్చి కూర్చోగానే చాలామంది మొదట అనే మాట, "మేడమ్, నాకేం పిచ్చి లేదు, నొప్పే." నేను ఆ నొప్పి గురించే మొదలుపెడతాను. ఎప్పటి నుంచి, ఎక్కడ, మలవిసర్జన అప్పుడు ఉంటుందా, కలయికలో ఉంటుందా, ఎన్ని రోజులు సెలవు పెట్టారు, ఇంట్లో ఎవరు నమ్మారు, ఎవరు నమ్మలేదు. ఈ చివరి ప్రశ్న దగ్గర కన్నీళ్లు పెట్టుకోని మనిషిని నేను చాలా తక్కువగా చూశాను.

అందుకే ముందు దాని గురించే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పునరుత్పత్తి వయసున్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. ఇంత మందికి ఉన్న జబ్బు బయటపడడానికి చాలా దేశాల్లో ఏడెనిమిదేళ్లు పడుతోంది. మీకు పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లలో మీ శరీరం చెప్పినదాన్ని చుట్టుపక్కలవాళ్లు కాదంటూ వచ్చారు. అలా కాదనిపించుకుంటూ పెరిగిన పిల్ల చివరికి తననే అనుమానించడం నేర్చుకుంటుంది. "నాకే ఓర్పు లేదేమో, అక్కకి కూడా వస్తుందిగా, తను వంట చేసుకుంటుందిగా" అనుకుంటుంది. ఆడవాళ్ల బాధని గర్భసంచికీ, అక్కడి నుంచి మనసుకీ అంటగట్టే అలవాటు వైద్యంలోనే చాలా పాతది. హిస్టీరియా అనే మాట పుట్టిందే గర్భసంచికి గ్రీకులో ఉన్న 'హిస్టెరా' అనే పేరు నుంచి. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పట్టికలోంచి ఆ పేరు 1980లో గానీ పోలేదు. మీ భయం ఊహ కాదని నాకు తెలుసు. అది మా వృత్తి చేసిన పనికి మీరు కడుతున్న అప్పు.

ఇక మీ అసలు ప్రశ్న, "నొప్పి వల్ల దిగులా, దిగులు వల్ల నొప్పా?"

స్వీడన్‌లో 1973 నుంచి 1990 మధ్య పుట్టిన ఆడవాళ్లందరి ఆరోగ్య రికార్డులు తీసి చూశారు. 2020లో వచ్చిన ఆ అధ్యయనంలో ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకి తర్వాతి ఏళ్లలో డిప్రెషన్, ఆందోళన జబ్బులు ఎక్కువగా వచ్చాయని తేలింది. ఒకే ఇంట్లో పెరిగిన, ఈ జబ్బు లేని సొంత అక్కచెల్లెళ్లతో పోల్చినా తేడా కనబడింది. అదే అధ్యయనంలో రెండో దిక్కూ ఉంది: ముందే డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లలో ఎండోమెట్రియోసిస్ తర్వాత బయటపడడమూ ఎక్కువే. అమెరికాలో బీమా రికార్డులతో చేసిన, 2021లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో ఈ జబ్బు ఉన్న 72 వేల మందికి పైగా స్త్రీలని, లేనివాళ్లతో పోల్చారు. డిప్రెషన్ ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు. తమకి తాము హాని చేసుకోవడం రెండు రెట్లు. 2023లో బ్రిటన్ బయోబ్యాంక్ (లక్షల మంది ఆరోగ్య, జన్యు వివరాల నిధి) వివరాలతో వచ్చిన పరిశోధన జన్యువుల దాకా వెళ్లి, ఎండోమెట్రియోసిస్‌కీ డిప్రెషన్‌కీ కొంత జన్యు బంధుత్వం ఉందని చూపించింది. అంటే కొందరిలో ఈ రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన రెండు కొమ్మలు కావచ్చు. ఏది ముందు, ఏది వెనక అని మీరు కోర్టులో లాగా నిరూపించుకోనక్కర్లేదు.

శరీరంలో జరిగేది ఇది. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీద, పొత్తికడుపు పొర మీద, కొందరిలో పేగు మీద పెరుగుతుంది. అక్కడ వాపు ఉంటుంది, ఆ మచ్చల్లోకి కొత్త నరాలు పాకుతాయి. ఆ వాపు రసాయనాలు రక్తంలో తిరిగి మెదడుకీ చేరతాయి. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ముసుగు తన్ని పడుకుంటామే, ఆ నీరసానికీ ఇలాంటి రసాయనాలే కారణం. ఇంకోటి, నెలనెలా ఏళ్ల తరబడి నొప్పి కబురు మోసిన నరాలు, వెన్నుపాము, మెదడు సున్నితమైపోతాయి. ఎండకి కమిలిన వీపు మీద పల్చటి చొక్కా తగిలినా మండినట్టు, మామూలు గ్యాస్, నిండిన మూత్రాశయం కూడా నొప్పిగా తెలుస్తాయి. సిస్టు తీసేశాక కూడా కొందరికి నొప్పి మిగలడానికి ఇదొక కారణం. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. జబ్బు ఎన్నో స్టేజీలో ఉందన్నదానికీ, నొప్పి ఎంతన్నదానికీ పొంతన ఉండదు. "స్టేజ్ వన్నే కదా, ఇంత గోలా" అని ఎవరైనా అంటే వాళ్లకి ఈ జబ్బు తెలియదని అర్థం. స్కాన్ నార్మల్ కూడా అంతే. యూరప్ నిపుణుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో, స్కాన్‌లో ఏమీ కనబడనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదని స్పష్టంగా రాసింది.

మీరు రాసినదాంట్లో రెండు చిన్న వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి, మాత్ర మొదలుపెట్టి అయిదు నెలలు, ఏడుపు మొదలై నాలుగు నెలలు. రెండోది, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశారు: "డిగ్రీ రెండో ఏడాదిలో కూడా మూడు నెలలు ఇలాగే ఉన్నాను, తర్వాత అదే పోయింది."

డైనోజెస్ట్ మంచి మందు. చాలామందికి నొప్పి తగ్గిస్తుంది, సర్జరీ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఆపడానికి వాడతాం. కానీ దిగులు దీనికి తెలిసిన దుష్ప్రభావాల్లో ఒకటి. మందు కంపెనీ కాగితంలోనే ఉంటుంది, గతంలో డిప్రెషన్ వచ్చినవాళ్లని జాగ్రత్తగా గమనించమనీ, తీవ్రంగా తిరగబెడితే మందు ఆపమనీ. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. గైనకాలజిస్టు "నొప్పి ఎలా ఉంది?" అని అడుగుతారు, మీరు "తగ్గింది మేడమ్" అంటారు, ఫైలు మూసేస్తారు. డిగ్రీ నాటి మూడు నెలల సంగతి ఎవరూ అడగలేదు, మీరూ చెప్పలేదు. అది డిప్రెషన్ అని మీకే తెలియదు కదా.

అందుకని రేపే మాత్ర మానేయకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. మీ దిగులు మాత్ర వల్లేనని ఇప్పుడే తేల్చలేం. సర్జరీ అయిన మూడు నాలుగు నెలలకి, ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కట్ట తెగినట్టు రావడమూ నేను చాలాసార్లు చూశాను. జబ్బుకి పేరు దొరికిన రోజు ఊరట, ఆ తర్వాత కోపం, ఆ వెనకే దుఃఖం. అదీ మీ లెక్కకి సరిపోతుంది. కానీ తేదీలు మీ గైనకాలజిస్టుకి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, నెలాఖరు అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మందు మార్చడానికి వాళ్ల దగ్గర దారులున్నాయి. వేరే ప్రొజెస్టిన్ (డైనోజెస్ట్ కోవకి చెందిన హార్మోన్), గర్భసంచిలో పెట్టే, హార్మోన్ విడుదల చేసే ఐయూడీ, కొందరికి గర్భనిరోధక మాత్రలు. ఇవన్నీ హార్మోన్లే, వీటితోనూ మనసు మారేవాళ్లు ఉన్నారు, కానీ ఒకటి పడనివాళ్లకి ఇంకోటి పడొచ్చు. నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్ మాట వస్తే మాత్రం మీ పాత దిగులు సంగతి తప్పకుండా చెప్పండి. అది తాత్కాలికంగా మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) లాంటి స్థితి తెస్తుంది. ఒళ్లు ఆవిర్లు, నిద్ర లేకపోవడం, చిరాకు దాంతో రావొచ్చు. ఒకసారి వేశాక దాని గడువు తీరేదాకా వెనక్కి తీసుకోలేం.

ఈలోగా ఒక పని చేయండి. యాప్ అక్కర్లేదు, రెండు రూళ్ల నోట్‌బుక్ చాలు. రోజూ పడుకునే ముందు నాలుగంటే నాలుగు సంగతులు రాయండి. నొప్పి పదికి ఎంత, దిగులు పదికి ఎంత, ఎన్ని గంటలు నిద్ర, రక్తస్రావం గానీ మరకలు గానీ ఉన్నాయా. కారణాలు రాయొద్దు, కథ రాయొద్దు. ఆరు వారాలయ్యాక ఆ అంకెలు చూస్తే మనకి దారి కనబడుతుంది. నొప్పి పెరిగిన మర్నాడల్లా దిగులు పెరుగుతుంటే ముందు నొప్పికి వైద్యం గట్టిగా చేయాలి. నొప్పి రెండులో ఉన్నా దిగులు ఏడులోనే కూర్చుంటే అది తన కాళ్ల మీద తాను నిలబడ్డ డిప్రెషన్, దానికి విడిగా వైద్యం కావాలి. నిద్ర చెడిన మర్నాడల్లా రెండూ పెరుగుతుంటే నిద్ర దగ్గర మొదలుపెడతాం. ఏది ముందు అన్న పెద్ద ప్రశ్న కన్నా, ఏది ఎప్పుడు అన్న ఈ చిన్న ప్రశ్న మీకు ఎక్కువ పనికొస్తుంది.

రక్తపరీక్షలు కూడా చేయించుకోండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, బి12. ఏళ్ల తరబడి రక్తం ఎక్కువగా పోయినవాళ్లలో ఇనుము అడుగంటి ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఆయాసం, నీరసం, గుండెదడ, దేని మీదా ఆసక్తి లేకపోవడం రక్తహీనతలోనూ ఉంటాయి. దాన్ని వదిలేసి నేను డిప్రెషన్ మాత్ర రాస్తే అది నా తప్పవుతుంది.

సైకియాట్రిస్టు దగ్గర మీకు బహుశా తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని అడుగుతుంది. మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. దీర్ఘకాలపు నొప్పి ఉన్నవాళ్లకి ఆ మొత్తం ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకి నొప్పి కూడా మార్కులు వేస్తుంది. నేను మొదటి రెండూ, చివరిదీ విడిగా చూస్తాను. ఆసక్తి పోయిందా, నిరాశగా ఉందా, చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా.

ఈ చివరిది మీరు రాయలేదు. అయినా అడుగుతున్నాను. ఒకవేళ అనిపిస్తుంటే ఇంట్లో ఒక్కరికైనా ఇవాళ చెప్పండి, 14416కి చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలిమానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆగలేననిపిస్తే ఫోన్ల కోసం చూడకుండా దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి, తోడు ఎవర్నైనా తీసుకుని.

మందుల గురించి భయపడుతున్నారు కాబట్టి ఒక మాట. మేం రాసే మందుల్లో కొన్ని నొప్పి మీద కూడా పనిచేస్తాయి. డ్యులోక్సెటిన్ అలాంటిది. అమిట్రిప్టిలిన్ అయితే డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు కన్నా చాలా తక్కువలో రాత్రిపూట నరాల నొప్పికీ నిద్రకీ ఇస్తాం. కాబట్టి చీటీలో ఆ పేరు కనబడగానే "నాకు పిచ్చి మందు రాశారు" అనుకోకండి, ఎందుకు రాశారో అడగండి. అందరికీ అవసరం ఉండదు కూడా. సీబీటీ అని మాటలతో చేసే వైద్యం ఉంది, నొప్పి వచ్చినప్పుడు "ఇక ఇది పోదు, నా బతుకింతే" అని పరుగెత్తే ఆలోచనని పట్టుకోవడం నేర్పుతుంది. పొత్తికడుపు కింది కండరాలకి చేసే ఫిజియోథెరపీ మన దగ్గర చాలామందికి తెలియదు. పదిహేనేళ్లు నొప్పికి బిగబట్టిన కండరాలు బిగుసుకునే ఉండిపోతాయి, వాటిని వదులు చేయడం నేర్పే ఫిజియోలు హైదరాబాద్‌లో దొరుకుతారు, మీ గైనకాలజిస్టుని అడగండి. కలయికలో నొప్పికి కూడా ఇది మేలు చేస్తుంది.

ఆ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. "మా ఆయన ఏమీ అనరు, కానీ దూరంగా ఉంటున్నారు." బహుశా ఆయన మీకు నొప్పి కలుగుతుందని దూరంగా ఉంటున్నారు, మీరు ఆయనకి మీ మీద ఇష్టం పోయిందని అనుకుంటున్నారు. ఇద్దరూ నోరు తెరిచి అనుకోలేదు. నా ఎదుట కూర్చున్న జంటల్లో ఎక్కువమంది విషయంలో ఇదే బయటపడింది. ఇది ఆయన ఎదుట ఒక డాక్టర్ నోటితో చెప్పిస్తే, మీరు గదిలో చెప్పుకోలేనిది సులువవుతుంది.

అత్తగారి మాట గురించి. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ కాన్పు ఈ జబ్బుకి మందు కాదు. ఎష్రే కూడా వైద్యంగా గర్భం దాల్చమని చెప్పకూడదంది. మీకు పిల్లలు కావాలనిపించినప్పుడు అది మీ ఇద్దరి కోరిక కావాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి గర్భం రావడంలో ఇబ్బంది ఉంటుందని అంటారు, అంటే కనీసం సగం మందికి ఆ ఇబ్బంది లేదు. ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష రిపోర్టులో అంకె చూసి రాత్రంతా గూగుల్‌లో వెతుకుతున్నానని రాశారు. ఆ అంకె గుడ్ల నిల్వ గురించి చెప్తుంది, మీకు సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పదు. రాత్రి పది దాటాక వెతకడం మాత్రం ఆపండి. ఆ వేళ దొరికే జవాబులు నిద్ర చెడగొట్టేవే.

"మా పెద్దమ్మకి ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించేశారు, హాయిగా ఉంది, నువ్వూ పిల్లలయ్యాక తీయించేసుకో" అని అమ్మ అన్నారని రాశారు. దీని మీద నాకు బాధ ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన ఇళ్లలో అది పన్ను పీకించుకున్నంత మామూలు మాటైపోయింది. ఎండోమెట్రియోసిస్ మచ్చలు ఉండేది గర్భసంచి బయట, అది తీసినా మచ్చలు మిగిలితే నొప్పి మిగలొచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ఒక్క రోజులో మెనోపాజ్ వచ్చి పడుతుంది, చిన్న వయసులో అలా జరిగినవాళ్లలో దిగులు, ఆందోళన ఎక్కువ. ముప్పై ఎనిమిదేళ్లకి "ఎందుకు బతకాలో తెలియడం లేదు" అంటూ నా దగ్గరికి వచ్చినావిడ ఫైలులో, రెండేళ్ల కిందటి ఆ ఆపరేషన్ కాగితం తప్ప వేరే ఏమీ లేదు. ఆ తర్వాత హార్మోన్లు ఇవ్వాలా వద్దా అని ఎవరూ ఆలోచించలేదు. కొందరికి ఆ సర్జరీ నిజంగా అవసరమే, కాదనను. కానీ ఇప్పుడు మీరు దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు.

మీ ఆఫీసులో ఎవరికి చెప్పాలి అని కూడా అడిగారు. మేనేజరుకి జబ్బు పేరు, నెలలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తానన్న అభ్యర్థన, డాక్టర్ సర్టిఫికెట్, ఇంతే చాలు. దిగులు సంగతి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం, చెప్పి తీరాలని లేదు.

గైనకాలజిస్టుకి ఫోన్‌లో ఏం చెప్పాలో తడబడతారేమో, ఇలా చెప్పండి: "మేడమ్, డైనోజెస్ట్ మొదలుపెట్టిన నెలకి నాకు రోజూ ఏడుపు, తెల్లవారుజామున మెలకువ మొదలయ్యాయి. డిగ్రీలో కూడా ఒకసారి మూడు నెలలు ఇలా అయింది. మందు మార్చాలా, ముందు సైకియాట్రిస్టుని చూడాలా?" సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ల్యాపరోస్కోపీ రిపోర్టు ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. మీ ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి, మొదటి పావుగంట మీరు ఒక్కరే మాట్లాడాక. ఆరు వారాల నోట్‌బుక్ నిండాక ఆ అంకెలు నాకు రాయండి, ఇద్దరం కలిసి చూద్దాం.